పాత ఫోన్లో పేరు కనిపించకపోతే నంబరు పోయినట్టు కాదు

ఇంట్లో పెద్దవాళ్ల చేతిలో ఉండే స్మార్ట్‌ఫోను చాలావరకు ఆరేడేళ్ల పాతది. పిల్లలు కొత్తది కొనుక్కుని, తమ పాతది నాయనకో అత్తకో ఇస్తారు. ఒకరోజు అందులో పేర్లు మాయమవుతాయి. లేదంటే పేరు ఉంటుంది, నొక్కితే లైను కలవదు. పక్కన ఎవరో ఒకరు "ఫార్మాట్ కొట్టిస్తే సరిపోతుంది" అంటారు. ఆ మాట మాత్రం వినొద్దు. అప్పటిదాకా పోని నంబర్లు ఫార్మాట్ కొట్టాక నిజంగానే పోతాయి.

ఇలాంటి ఫోను చేతికొస్తే ముందు చూడాల్సినవి రెండే. ఆ నంబరు ఎక్కడ దాచి ఉంది? ఎలా రాసి ఉంది? ఈ రెండూ తేలకుండా సెట్టింగ్స్‌లో ఏదీ కదిలించొద్దు.

మూడు అరలు

ఫోన్లో కాంటాక్ట్స్ అని ఒకే చోట కనబడుతుంది గానీ, దాని వెనక మూడు వేర్వేరు అరలున్నాయి. ఒకటి సిమ్ కార్డు, రెండోది ఫోన్ సొంత మెమరీ, మూడోది గూగుల్ ఖాతా. ఒక పేరు ఏ అరలో ఉందో తెలుసుకోవడానికి దాన్ని తెరిచి ఎడిట్ నొక్కండి. పైన సిమ్ అనో, ఫోన్ లేదా డివైస్ అనో, జీమెయిల్ చిరునామానో కనిపిస్తుంది. అలా ఏమీ రాసి లేకపోయినా గుర్తు పట్టొచ్చు. పేరుకో గడి, నంబరుకో గడి మాత్రమే ఉండి, ఫోటో పెట్టడానికి చోటు లేదంటే అది సిమ్‌లో ఉన్నట్టే.

సిమ్ అర చాలా ఇరుకు. మామూలు సిమ్‌లో పట్టేది 250 పేర్ల దాకా. ఒక పేరుకి ఒకటే నంబరు. పేరుకి ఇచ్చే జాగా కూడా కొంచెమే, చాలా సిమ్‌లలో 14 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాలైతే 14 పడతాయి. తెలుగులో రాస్తే 'ఇది ఇంగ్లిష్ కాదు' అని చెప్పే గుర్తుకి ఒక బైటు పోయి, ఒక్కో అక్షరానికి రెండేసి బైట్లు ఖర్చవుతాయి. అంటే ఆరు అక్షరాలే. పైగా గుణింతం గుర్తులు, సున్న, పొల్లు కూడా ఫోను లెక్కలో విడివిడి అక్షరాలే.

మన నెల్లూరు పేరుతోనే లెక్క చూద్దాం. 'పెంచలరెడ్డి' అని సిమ్‌లో దాచారనుకోండి. ప, ఎత్వం, సున్న, చ, ల, ర. ఆరు అయిపోయాయి. సిమ్‌లో మిగిలేది 'పెంచలర'. 'పెంచలరత్నం' అని దాచినా మిగిలేది 'పెంచలర' నే. ఇద్దరూ ఒకే పేరుతో కనిపిస్తారు, ఒకరికి చేయబోతే ఇంకొకరికి పోతుంది. కందుకూరు వైపు 'మాలకొండయ్య' అయితే 'మాలకొం' దగ్గర ఆగిపోతుంది. కొన్ని ఫోన్లు ఇంకాస్త పొదుపైన పద్ధతిలో రాస్తాయి కాబట్టి నాలుగైదు అక్షరాలు ఎక్కువ పట్టొచ్చు. ఏ ఫోన్ ఎలా రాస్తుందో బయటికి కనబడదు. తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లు సిమ్‌లో దాచొద్దు అనేది అందుకే. తెలుగులో పెట్టుకోవడం మంచిదే, పెద్దవాళ్లకి చదవడం సులువు. అర మార్చండి, భాష మార్చక్కర్లేదు.

సిమ్‌తో ఇంకో పెద్ద చిక్కు ఉంది. పాత సిమ్ ఇచ్చి 4జీ సిమ్ తీసుకున్నా, నంబరు వేరే కంపెనీకి పోర్ట్ చేయించుకున్నా, చేతికొచ్చే కార్డు ఖాళీది. మీ నంబరు దానికి మారుతుంది. అందులోని పేర్లు మారవు, ఎందుకంటే అవి కంపెనీ దగ్గర ఎప్పుడూ లేవు. పాత ప్లాస్టిక్ ముక్కలోనే ఉంటాయి. కాబట్టి పాత సిమ్‌ని విరిచి పారేయకండి. సిగ్నల్ ఆగిపోయిన సిమ్‌ని కూడా ఫోన్లో పెడితే అందులోని పేర్లు చదవడానికి వస్తాయి. కాంటాక్ట్స్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్‌లోకి వెళ్లి, ఇంపోర్ట్ ఫ్రమ్ సిమ్ అనాలి. ఎక్కడ దాచాలి అని అడిగినప్పుడు జీమెయిల్ ఖాతాను ఎంచుకోండి. కొత్త గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో అయితే ఇదే పని 'ఆర్గనైజ్' కింద, కొన్నిట్లో 'ఫిక్స్ అండ్ మేనేజ్' కింద ఉంటుంది. ఐఫోన్ సిమ్‌లోంచి చదువుకోగలదు, సిమ్‌లో రాయలేదు.

పాత సిమ్‌కి పిన్ పెట్టి ఉంటే ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే పీయూకే, అంటే ఆ తాళం తీసే ఇంకో కోడ్, అడుగుతుంది. పీయూకే పదిసార్లు తప్పితే ఆ సిమ్ శాశ్వతంగా మూసుకుపోతుంది, పేర్లూ దాంతోపాటే.

పేర్లు ఉన్నాయి, చూపించడం లేదు

నిన్నటిదాకా ఉన్న పేర్లు ఒక్కసారిగా సగం అయ్యాయంటే, ముందు చూడాల్సింది కాంటాక్ట్స్‌లో మూడు చుక్కల కింద 'కాంటాక్ట్స్ టు డిస్‌ప్లే' అనే చోటు. కొన్ని ఫోన్లలో ఫిల్టర్ అని ఉంటుంది. అక్కడ పొరపాటున 'సిమ్' ఒక్కటే లేదా ఒక జీమెయిల్ ఒక్కటే టిక్ అయి ఉంటే మిగతా అరలన్నీ కనబడకుండా పోతాయి. 'ఆల్ కాంటాక్ట్స్' నొక్కితే తిరిగొస్తాయి. దుకాణానికి వెళ్లాల్సిన పనే ఉండదు.

రెండో కారణం జీమెయిల్ ఖాతాలు. ఫోను మారినప్పుడల్లా పాస్‌వర్డ్ గుర్తులేక కొత్త జీమెయిల్ సృష్టిస్తారు. అలా ఒక మనిషికి మూడు ఖాతాలు, మూడింట్లో మూడు వంతుల పేర్లు. ఫోన్లో ఉన్నది చివరి ఖాతా ఒక్కటే కాబట్టి పాతవి కనబడవు. పాత ఖాతా గుర్తుంటే సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌లోకి వెళ్లి దాన్ని కూడా చేర్చండి, ఒక ఫోన్లో రెండు మూడు జీమెయిల్‌లు ఉండొచ్చు. ఈ పని వాయిదా వేయకండి. రెండేళ్లు ఎవరూ వాడని ఖాతాలను తీసేసే పద్ధతిని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి పెట్టింది. పాత జీమెయిల్‌తో పాటు అందులోని నంబర్లూ పోతాయి.

మూడోది సింక్, అంటే ఫోనూ గూగుల్ ఖాతా పేర్లను ఒకదానితో ఒకటి సరిచూసుకోవడం, ఆగిపోవడం. బ్యాటరీ పూర్తిగా అయిపోయి చాలా రోజులు పక్కన పడున్న ఫోను ఆన్ చేస్తే తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటుంది. తేదీ తప్పుంటే గూగుల్ సర్వర్ ఇచ్చే భద్రతా సర్టిఫికెట్ చెల్లదని ఫోను అనుకుంటుంది, సింక్ కాదు. డేట్ అండ్ టైమ్‌లో ఆటోమేటిక్ పెట్టండి. తర్వాత మెమరీ చూడండి. వాట్సాప్ ఫోటోలతో నిండిపోయిన 8 జీబీ, 16 జీబీ ఫోన్లలో స్టోరేజ్ అడుగంటితే ఆండ్రాయిడ్ తనంతట తనే సింక్ ఆపేస్తుంది. ఒక్కోసారి 'అన్‌ఫార్చునేట్లీ, కాంటాక్ట్స్ హాజ్ స్టాప్డ్' అని యాప్ మూసుకుపోయేదీ ఈ కారణంతోనే. గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేసి కనీసం అర జీబీ ఖాళీ చేసి, ఫోను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉన్నా సింక్ నిదానిస్తుంది.

మరీ పాత ఫోన్లకి వేరే హద్దుంది. ఆండ్రాయిడ్ 2.3.7, అంతకు ముందు వెర్షన్లలో 2021 సెప్టెంబర్ 27 నుంచి గూగుల్ లాగిన్ పనిచేయడం లేదు. ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లకి గూగుల్ ప్లే సర్వీసెస్ కొత్త వెర్షన్లు 2023లో ఆగిపోయాయి. అలాంటి ఫోన్లలో గూగుల్ మీద ఆశ పెట్టుకోకుండా, వీసీఎఫ్ ఫైలు (పేర్లూ నంబర్లూ అన్నీ ఉండే ఒకే ఫైలు, తీసే పద్ధతి చివర్లో ఉంది) తీసి బ్లూటూత్‌తోనో మెమరీ కార్డుతోనో దాటించుకోవాలి.

నిజంగా డిలీట్ అయిన పేర్లకీ కొంత గడువుంది. గూగుల్ ఖాతాలో దాచినవైతే, ఏ ఫోన్లోనైనా బ్రౌజర్లో గూగుల్ కాంటాక్ట్స్ సైటు తెరిచి ట్రాష్ చూడండి. 30 రోజులు అక్కడే ఉంటాయి. సెట్టింగ్స్‌లో 'అన్‌డూ చేంజెస్' అని కూడా ఒకటుంది. పది నిమిషాలు, గంట, ఒకరోజు, వారం, లేదా 30 రోజుల లోపు ఏ సమయానికైనా జాబితా మొత్తాన్ని వెనక్కి తిప్పుతుంది. మొత్తాన్ని తిప్పుతుంది కాబట్టి ఆ మధ్యలో చేర్చిన కొత్త పేర్లు పోతాయి. అందుకని ముందు ఎక్స్‌పోర్ట్ చేసి ఒక ఫైలు పక్కన పెట్టుకోండి.

ఇంకొక సందర్భం. కొత్త ఫోన్లో పిల్లవాడు అన్నీ తుడిచేశాడు, పాత ఫోన్లో ఇంకా కనిపిస్తున్నాయి. ఆ క్షణం పాత ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి. నెట్ తగిలితే తుడిచిన సంగతి దానికీ తెలిసి అక్కడా తుడిచేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచే వీసీఎఫ్ తీసుకుంటే మొత్తం దక్కుతాయి.

నంబరు రాసిన తీరు

ఈ భాగం నిదానంగా చదవండి. 'లైను కలవడం లేదు' అన్న ఫిర్యాదుల్లో తప్పు ఇక్కడే ఎక్కువగా దొరుకుతుంది.

సెల్ నంబరుకి సరైన రాత ఒకటే పెట్టుకోండి: +91, ఆ వెనకే పది అంకెలు. ప్లస్ కావాలంటే సున్నా బటన్‌ను నొక్కి పట్టుకోవాలి. ఉత్త పది అంకెలు రాసినా, ముందు సున్నా పెట్టి రాసినా మన దేశంలో ఉన్నంతసేపు పోతుంది. తప్పు రాతలు రెండు. ఒకటి +910 అని రెండూ కలిపి రాయడం. ప్లస్ 91 ఉన్నచోట సున్నా ఉండకూడదు. రెండోది ప్లస్ లేకుండా 91 రాయడం. 91తో మొదలయ్యే సెల్ నంబర్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. కాబట్టి ఆ 91 దేశం కోడో, నంబరులో భాగమో నెట్‌వర్కుకు తెలియదు.

ఈ రెండో తప్పులో ఒక తిరకాసు ఉంది. ఆ మనిషి మీకు ఫోన్ చేస్తే పేరు చక్కగా పడుతుంది. మీరు చేస్తే 'మీరు డయల్ చేసిన నంబరు సరైనది కాదు' అంటుంది. పేరు పడుతోంది కదా, నంబరు కరెక్టే అనుకుని అందరూ నెట్‌వర్కును తిడతారు. ఎందుకిలా జరుగుతుందంటే, వచ్చిన కాల్‌ను జాబితాతో పోల్చేటప్పుడు పాత ఆండ్రాయిడ్ కుడి చివరి నుంచి వెనక్కి చూస్తుంది. చివరి అంకెలు కలిస్తే చాలు, పేరు చూపించేస్తుంది. డయల్ చేసేటప్పుడు మాత్రం మీరు రాసింది రాసినట్టు పంపుతుంది. పేరు పడడం వేరు, నంబరు పోవడం వేరు.

ల్యాండ్‌లైన్లలో ఇది ఇంకా స్పష్టంగా కనబడుతుంది. నెల్లూరు కోడ్ 0861, ఆ తర్వాత 7 అంకెలు. ఒంగోలు కోడ్ 08592, ఆ తర్వాత 6 అంకెలు. కావలి 08626, గూడూరు 08624, కందుకూరు 08598, మార్కాపురం 08596. వీటన్నిటికీ కూడా 6 అంకెలే. కోడ్‌తో కలిపి లెక్కపెడితే ఎక్కడైనా మొత్తం 11 రావాలి. 11 రాలేదంటే నంబరులో ఏదో తప్పుంది.

ఆసుపత్రి, కాలేజీ, ఆఫీసు నంబర్లను బోర్డు మీద ఉన్నట్టే కోడ్ లేకుండా ఎక్కించుకోవడం మనకి అలవాటు. సెల్ నుంచి చేస్తే, మీరు అదే ఊళ్లో ఉన్నా సరే, కోడ్ లేకుండా పోదు. పేరు విషయంలో నెల్లూరుకీ ఒంగోలుకీ తేడా చూడండి. పాత ఆండ్రాయిడ్ పేరు చూపించాలంటే కుడి నుంచి కనీసం 7 అంకెలు కలవాలి. ఒంగోలు నంబరు కోడ్ లేకుండా దాస్తే ఉండేవి ఆరే, కాబట్టి అక్కడి నుంచి కాల్ వచ్చినా పేరు పడదు. నెల్లూరు నంబరు కోడ్ లేకుండా దాస్తే సరిగ్గా ఏడు. అప్పుడు అవే ఏడు అంకెలున్న గుంటూరు 0863 నంబరు నుంచో, తిరుపతి 0877 నంబరు నుంచో కాల్ వచ్చినా మీ నెల్లూరు ఆసుపత్రి పేరే పడుతుంది. రెండు తప్పులకీ మందు ఒకటే: కోడ్‌తో సహా 0861 అనో +91861 అనో రాయడం. +910861 మాత్రం రాయొద్దు.

ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేసేటప్పుడు ముందు సున్నా తప్పనిసరి. ల్యాండ్‌లైన్ సెట్టులో పాత స్పీడ్ డయల్ పెట్టుకుని ఉంటే వాటికీ సున్నా చేర్చాలి.

గల్ఫ్ నంబర్ల సంగతి. మన జిల్లాల్లో కువైట్లో మనుషులున్న ఇళ్లు చాలా. కువైట్ నంబరు +965, తర్వాత 8 అంకెలు. ఖతార్ +974, ఒమన్ +968, ఇవీ 8 అంకెలే. దుబాయ్ +971, సౌదీ +966, వీటికి 9 అంకెలు. దుబాయ్ నంబరుని అక్కడివాళ్లు 050 అని సున్నాతో చెబుతారు, +971 పెట్టాక ఆ సున్నా తీసేయాలి. అటు నుంచి చూస్తే, కువైట్లో ఉన్న బావ మీ నంబరుని +91 లేకుండా పది అంకెలు దాచుకుంటే, ఆయన వాట్సాప్ దాన్ని కువైట్ నంబరు అనుకుంటుంది. మీరు అందులో కనబడరు. ఇక్కడ మీ ఫోన్లో ఏం మార్చినా ఫలితం ఉండదు, ఆయన ఫోన్లో మార్చాలి. నంబరు సరిచేశాక వాట్సాప్‌లో కొత్త చాట్ తెరిచి మూడు చుక్కల్లో రిఫ్రెష్ నొక్కమనండి. అందరి పేర్లూ పోయి నంబర్లే కనబడుతుంటే అది వేరే కారణం. ఆండ్రాయిడ్ 6, ఆపై వెర్షన్లలో వాట్సాప్‌కి కాంటాక్ట్స్ పర్మిషన్ ఆఫ్ అయి ఉంటుంది. సెట్టింగ్స్, యాప్స్, వాట్సాప్, పర్మిషన్స్ అని వెళ్లి ఆన్ చేయండి.

నంబరు చూడ్డానికి సరిగ్గానే ఉండి, లెక్క కూడా సరిపోయి, అయినా పోకపోతే అది ఎక్కడి నుంచో కాపీ చేసింది అయ్యుండొచ్చు. మెసేజీల నుంచీ వెబ్ పేజీల నుంచీ కాపీ చేసినప్పుడు అంకెల ముందు కంటికి కనబడని గుర్తులు అంటుకుని వస్తాయి. కాంటాక్టులో ఆ నంబరు మొత్తం చెరిపేసి చేత్తో మళ్లీ కొట్టండి.

రొయ్యల గుంటల వాళ్లు, పాల కేంద్రాల వాళ్లు, స్కూళ్ల వాళ్లు వందల నంబర్లని ఎక్సెల్‌లో పెట్టి ఫోన్లోకి ఎక్కిస్తుంటారు. అక్కడ జరిగే నష్టం పెద్దది. 91తో కలిపి 12 అంకెల నంబరుని ఎక్సెల్ ఒక పెద్ద సంఖ్య అనుకుని 9.19ఈ+11 లాగా కుదించి చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి, తిరిగి రావు. 0861లో ముందు సున్నా కూడా ఎగిరిపోతుంది. నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుసను ఎంచుకుని ఫార్మాట్ సెల్స్‌లో టెక్స్ట్ అని పెట్టాలి. కొట్టాక పెడితే ఉపయోగం లేదు.

నంబరు సరైందే, అయినా కాల్ పోవడం లేదు

నెట్ బాగా వస్తోంది, యూట్యూబ్ ఆడుతోంది, కాల్ మాత్రం మొదలవ్వగానే కట్ అవుతోంది. 4జీ ఫోనే కదా అంటారు. 4జీ డేటా ఉన్నంత మాత్రాన 4జీలో మాట రాదు, దానికి వోల్టీ (4జీ మీదే కాల్ నడిపే సౌకర్యం) కావాలి. 2015, 16 నాటి 4జీ ఫోన్లలో వోల్టీ లేనివి చాలా ఉన్నాయి. అలాంటి ఫోను కాల్ చేసేటప్పుడు 4జీ వదిలి 2జీకో 3జీకో దిగుతుంది. జియోకి 2జీ, 3జీ లేవు కాబట్టి దిగడానికి చోటు లేదు, కాల్ పోదు. ఎయిర్‌టెల్‌లో 2జీకి దిగి కలుస్తుంది, రింగు వినబడడానికి కొన్ని సెకన్లు ఎక్కువ పడుతుంది. వోల్టీ ఉన్న ఫోనైతే మొబైల్ నెట్‌వర్క్స్‌లో ఆ స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

నెట్ స్పీడు కోసం కుర్రాళ్లు *#*#4636#*#* కొట్టి 'ఎల్‌టీఈ ఓన్లీ', అంటే 4జీ మాత్రమే, పెట్టేస్తుంటారు. వోల్టీ లేని ఫోన్లో అలా పెడితే కాల్స్ పూర్తిగా ఆగిపోతాయి. మళ్లీ అదే కోడ్ కొట్టి జీఎస్ఎం (అంటే 2జీ) కూడా ఉన్న ఆటో మోడ్‌కి తేవాలి. దీనికి అటువైపు తప్పు '3జీ ఓన్లీ'. ఎయిర్‌టెల్ 2020 నాటికి 3జీ మూసేసింది. అలా పెట్టిన పాత ఫోనులో ఎయిర్‌టెల్ సిగ్నల్ కడ్డీ ఒక్కటీ రాదు. ఆటో కానీ 2జీ కానీ పెడితే ఉదయగిరి కొండల దాపున కూడా మాట్లాడుకునే మటుకు వస్తుంది.

కొన్ని నంబర్లకే పోతూ, మిగతావాటికి పోకపోతే కాల్ సెట్టింగ్స్‌లో ఎఫ్‌డీఎన్, అంటే ఫిక్స్‌డ్ డయలింగ్, ఆన్ అయిందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే దాని జాబితాలో ఉన్న నంబర్లకు మాత్రమే డయల్ అవుతుంది. తీయాలంటే పిన్2 కావాలి, అది సిమ్ కంపెనీని అడగాలి, ఊహించొద్దు. కాల్స్ పోకుండా ఆపే కాల్ బారింగ్ కూడా అక్కడే ఉంటుంది, దాని పాస్‌వర్డ్ సాధారణంగా 0000. రెండు సిమ్‌ల ఫోన్లో రీచార్జి లేని సిమ్ కాలింగ్‌కి డిఫాల్ట్‌గా ఉండిపోవడం మరో మామూలు కారణం. 'ఆస్క్ ఎవ్రీ టైమ్' పెడితే పెద్దవాళ్లు తికమకపడతారు, రీచార్జి ఉన్న సిమ్‌నే డిఫాల్ట్ చేయండి.

మీకు వచ్చే కాల్స్ మీ ఫోన్లో మోగకుండా ఎటో పోతుంటే కాల్ ఫార్వర్డింగ్ తెరిచి అన్నీ డిసేబుల్ చేయండి. కొరియర్ అనో బ్యాంకు అనో చెప్పి *401* తో మొదలయ్యే కోడ్ నొక్కమంటే ఎవరు చెప్పినా నొక్కొద్దు. మీ కాల్స్, వాటితో పాటు ఫోన్ కాల్‌లో చెప్పే ఓటీపీలు అవతలివాడికి మళ్లించే కోడ్ అది. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ఒక్క సంగతి కూర్చోబెట్టి చెప్పండి.

డయల్ ప్యాడ్ ఐకాన్ అసలు కనబడకపోతే, వేరే డయలర్ యాప్ వేసి తీసేసి ఉంటారు. సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌లో ఫోన్ యాప్‌ను మళ్లీ ఎంచుకోవాలి. ఒక జీబీ ర్యామ్ ఫోన్లో డయలర్ తెరుచుకోవడానికి చాలాసేపు పడితే ఆ యాప్ పేజీలో 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' నొక్కి చూడండి. ఫోనుతో వచ్చిన తేలికైన పాత వెర్షన్ తిరిగొస్తుంది.

తెర నల్లబడడం, అంకెలు పడకపోవడం

కాల్ మొదలవ్వగానే తెర నల్లగా అయిపోయి, పెట్టేయడానికి కూడా వీలు కాదు. గ్యాస్ బుకింగ్‌కో బ్యాంకుకో చేసి 'ఒకటి నొక్కండి' అంటే నొక్కడానికి అంకెలే కనబడవు. తెర పాడైందని మార్పించకండి. పై భాగంలో ఇయర్‌పీస్ పక్కన ప్రాక్సిమిటీ సెన్సార్ ఉంటుంది. చెవి దగ్గరికి వచ్చిందని అది చెబితే ఫోను తెర ఆపుతుంది. ఆ చిన్న కన్ను మీద దుమ్ము పేరుకున్నా, వేరే మోడల్ టెంపర్డ్ గ్లాసు వేసి నల్ల అంచు దాన్ని కప్పేసినా, ఎప్పుడూ చెవి అక్కడే ఉన్నట్టు అనుకుంటుంది. గ్లాసు తీసేసి మెత్తని గుడ్డతో తుడిచి కాల్ చేసి చూడండి. కాల్‌లో ఉండగా చీకట్లో ఇంకో ఫోన్ సెల్ఫీ కెమెరాతో ఆ చోటు చూస్తే చాలా ఫోన్లలో చిన్న ఊదా చుక్క వెలుగుతూ కనబడుతుంది. కనబడితే సెన్సార్ బతికే ఉంది, అడ్డు మాత్రమే తీయాలి. శాంసంగ్‌లో *#0*# కొడితే సెన్సార్ పరీక్ష కూడా వస్తుంది.

ఇలా తెర నల్లబడి మధ్యలో ఇరుక్కుంటే వైరున్న ఇయర్‌ఫోన్ గుచ్చండి. అది ఉన్నంతసేపు సెన్సార్‌ను ఫోను పట్టించుకోదు, తెర వెలుగుతుంది. యాక్సెసిబిలిటీలో 'పవర్ బటన్ ఎండ్స్ కాల్' ఆన్ చేసి పెడితే కనీసం కాల్ పెట్టేయడానికి ఇబ్బంది ఉండదు.

డయల్ ప్యాడ్‌లో 3, 6, 9 మాత్రమే పడడం లేదంటే అది సాఫ్ట్‌వేర్ కాదు, టచ్ గ్లాసులో నిలువుగా ఒక పట్టీ చచ్చిపోయింది. ఖాయం చేసుకోవాలంటే అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్‌ను ఏడుసార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్స్‌లో 'పాయింటర్ లొకేషన్' ఆన్ చేసి, తెర మీద వేలితో అడ్డంగా గీయండి. గీత ఒకేచోట ప్రతిసారీ తెగితే టచ్ మార్చాల్సిందే. అంతవరకు, ఫోనుకి యూఎస్‌బీ వస్తువులు తగిలించే ఓటీజీ కేబుల్‌తో మామూలు మౌస్ పెట్టుకుని, లోపల ఉన్న పేర్లన్నీ బయటికి తీసుకోవచ్చు.

దుకాణానికి ఇచ్చే ముందు

యాప్స్ జాబితాలో 'కాంటాక్ట్స్ స్టోరేజ్' అనే పేరు కనిపిస్తుంది. అందులో క్లియర్ క్యాష్ పర్లేదు. దాని పక్కనే ఉండే క్లియర్ డేటా నొక్కితే ఫోన్ అరలో ఉన్న పేర్లు, కాల్ హిస్టరీ అన్నీ తుడుచుకుపోతాయి. గూగుల్ అరలోవి సింకై తిరిగొస్తాయి, ఫోన్ అరలోవి రావు. నెల్లూరు ట్రంకు రోడ్డులో ఇచ్చినా, ఒంగోలు కర్నూలు రోడ్డులో ఇచ్చినా, వీసీఎఫ్ తీయకుండా ఫోను ఇవ్వకండి.

తీయడం రెండు నిమిషాల పని. కాంటాక్ట్స్, మూడు చుక్కలు, ఎక్స్‌పోర్ట్, మెమరీ కార్డు. ఫైలు తయారయ్యాక దాని సైజు చూడండి. ఫోటోలు లేకుండా 500 పేర్లకి సుమారు 50 నుంచి 100 కేబీ ఉంటుంది. తెలుగు పేర్లయితే ఇంకా పెరుగుతుంది, పాత పద్ధతి ఫైలులో ఒక్కో తెలుగు అక్షరం తొమ్మిది గుర్తులుగా మారుతుంది కాబట్టి. ఆ ఫైలు కంప్యూటర్లో తెరిస్తే పేర్ల బదులు సమానం గుర్తులు, ఈ0, బీ0 అంటూ కనబడి కంగారు పెడుతుంది. పాడైపోలేదు, ఫోన్లోకి ఎక్కించగానే తెలుగులోకి వస్తుంది. దాన్ని నోట్‌ప్యాడ్‌లో దిద్దబోకండి. ఎక్కించాక కూడా అలాగే కనబడితే ఆ ఫైలుని గూగుల్ కాంటాక్ట్స్ సైటులో ఇంపోర్ట్ చేసి, అక్కడి నుంచి సింక్ చేసుకోండి.

సున్నా కేబీ అని చూపిస్తే ఫైలు తయారైనట్టు కాదు, మెమరీలో జాగా లేదని అర్థం. ఏదైనా తీసేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఫైలుని వాట్సాప్‌లోనో బ్లూటూత్‌లోనో ఇంట్లో ఇంకొకరి ఫోనుకి పంపి, మెమరీ కార్డు, సిమ్ రెండూ బయటికి తీసుకుని, అప్పుడు ఫోను ఇవ్వండి.